జన్యువు ఉన్నా మీట పడకపోతే: రోగక్రిమిని పట్టిచూపే కణాల కథ

శరీరంలోకి చొరబడిన రోగక్రిమిని చంపడం రోగనిరోధక వ్యవస్థకు రెండవ పని. దానిని గుర్తుపట్టడం మొదటి పని. ఈ గుర్తింపులో ప్రధాన పాత్ర వహించే టి లింఫోసైట్లు అనే తెల్లరక్తకణాలు క్రిమిని నేరుగా చూడలేవు. వేరొక కణం ఆ క్రిమిని మింగి, ముక్కలు చేసి, ఒక ముక్కను తన ఉపరితలం మీద నిలిపి చూపినప్పుడే అవి కదులుతాయి. దొంగసొత్తును పంచాయతీ ముందు పెట్టనిదే తీర్పు రానట్లే ఇదీను. క్రిమిలోని గుర్తింపు భాగాన్ని ప్రతిజనకం అనీ, దానిని ఇలా పట్టిచూపడాన్ని ప్రతిజనక ప్రదర్శన అనీ అంటారు.

పట్టిచూపేందుకు కావలసిన పనిముట్ల జన్యువులు కేంద్రకం గల ప్రతి కణంలోను ఉన్నాయి. అయినా అన్ని కణాలూ ఆ పని చేయవు. కొందరు పసిపిల్లల్లో ఆ జన్యువులు చెక్కుచెదరకుండా ఉండి కూడా, చూపవలసిన కణాలలో ఒక్కటీ చూపలేదు. గాదె నిండా ధాన్యం ఉండి తాళంచెవి పోయిన ఇంటి పరిస్థితి వారిది. ఆ తాళంచెవి ఏమిటో, అది లేకపోతే ఏమవుతుందో తెలుసుకోవడం మేనరికపు సంబంధాలు తరతరాలుగా సాగుతున్న కుటుంబాలకు ప్రత్యేకంగా అవసరం.

పట్టిచూపే పనిముట్లు

ప్రతిజనకపు ముక్కను మోసే అణువులను ఎం.హెచ్.సి. అణువులు అంటారు. మనుషులలో వీటికే హెచ్.ఎల్.ఎ. అని పేరు. అవయవ మార్పిడికి ముందు దాతకూ గ్రహీతకూ పొంతన చూసేది వీటినే. ఇవి ముఖ్యంగా రెండు తరగతులు.

మొదటి తరగతి అణువులు కేంద్రకం గల దాదాపు అన్ని కణాలపైన ఉంటాయి. కణం లోపల తయారవుతున్న ప్రొటీన్ల చిన్న ముక్కలను, సాధారణంగా 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవుగలవాటిని, ఇవి బయటికి చూపుతాయి. కణంలో వైరస్ దూరి ఉంటే ఆ వైరస్ ముక్క బయటపడుతుంది. అప్పుడు సి.డి.8 రకపు టి కణాలు వచ్చి ఆ కణాన్ని హతమారుస్తాయి.

రెండవ తరగతి అణువులు కొన్ని కణాలకే పరిమితం. డెండ్రిటిక్ కణాలు, మాక్రోఫేజ్‌లు, బి లింఫోసైట్లు వీటిలో ముఖ్యమైనవి. ఇవి బయటినుంచి మింగిన క్రిముల ముక్కలను సి.డి.4 రకపు టి కణాలకు చూపుతాయి. సి.డి.4 కణాలు సేనకు ఆజ్ఞలిచ్చేవి. ప్రతిరక్షకాలు తయారుచేయమని బి కణాలను ప్రోత్సహించేవి, మింగిన క్రిమిని చంపమని మాక్రోఫేజ్‌లను పురికొల్పేవి ఇవే. అందువల్ల రెండవ తరగతి అణువులు లేకపోతే ఆజ్ఞలిచ్చేవారే లేని సేన మిగులుతుంది.

ఈ జ్ఞానం ఒక్కరోజులో సమకూరినది కాదు. రాల్ఫ్ స్టైన్‌మన్, జాన్విల్ కోన్ 1973లో డెండ్రిటిక్ కణాలను వర్ణించారు. పీటర్ డోహెర్టీ, రోల్ఫ్ జింకర్‌నాగెల్ 1974లో టి కణం క్రిమి ముక్కను, దానిని మోసే ఎం.హెచ్.సి. అణువును కలిపి గుర్తిస్తుందని నిరూపించారు. ఆ పరిశోధనకు 1996లో వారికి నోబెల్ బహుమతి లభించింది. స్టైన్‌మన్‌కు 2011లో నోబెల్ ప్రకటించారు. ప్రకటనకు మూడు రోజుల ముందే ఆయన కన్నుమూసిన సంగతి బహుమతి సంఘానికి అప్పటికి తెలియదు.

జన్యువు ఉండటం వేరు, పలకడం వేరు

మనిషి ప్రతి కణంలోను దాదాపు ఒకే జన్యుసంపద ఉంటుంది. ప్రొటీన్లను తయారుచేసే జన్యువులు సుమారు 20,000. కాలేయ కణంలో ఉన్నవే చర్మ కణంలోనూ ఉన్నాయి. ఏ జన్యువు ఏ కణంలో, ఏ వేళ, ఎంత మేరకు పనిచేయాలో నిర్ణయించే ఏర్పాటు వల్లనే కాలేయం కాలేయంగాను, చర్మం చర్మంగాను ఉంటున్నాయి. దీనినే జన్యు నియంత్రణ అంటారు. ఫ్రాన్సులో ఫ్రాన్స్వా జాకబ్, జాక్ మోనో 1961లో బాక్టీరియాలలో ఈ నియంత్రణ సూత్రాన్ని వివరించి 1965లో నోబెల్ బహుమతి పొందారు.

జన్యువు డి.ఎన్.ఎ. పోగులో ఒక భాగం. దానికి ముందువైపు ప్రేరకం అనే చిన్న స్థానం ఉంటుంది. కొన్ని నియంత్రక ప్రొటీన్లు అక్కడ చేరినప్పుడు జన్యువుకు ఆర్.ఎన్.ఎ. రూపంలో నకలు తయారవుతుంది. ఆ నకలును బట్టి ప్రొటీన్ తయారవుతుంది. నియంత్రక ప్రొటీన్లు చేరకపోతే జన్యువు మౌనంగా ఉండిపోతుంది. అంతేకాక డి.ఎన్.ఎ. హిస్టోన్లు అనే ప్రొటీన్ల చుట్టూ చుట్టుకొని ఉంటుంది. చుట్ట బిగుతుగా ఉన్నచోట జన్యువు సాధారణంగా పలకదు. వదులైన చోట పలుకుతుంది.

జెనీవాలో దొరికిన తాళంచెవి

రెండవ తరగతి అణువులను తయారుచేసే జన్యువులు 6వ క్రోమోజోము మీద ఉన్నాయి. 1970ల చివరి నుంచి వైద్యులు ఒక వింత జబ్బును గమనిస్తూ వచ్చారు. కొందరు శిశువుల తెల్లరక్తకణాల మీద ఎం.హెచ్.సి. అణువులు కనిపించలేదు. రెండవ తరగతి అణువులు లేని పిల్లలలో 6వ క్రోమోజోము మీది జన్యువులను పరీక్షిస్తే అవి సక్రమంగానే ఉన్నాయి. లోపం మరెక్కడో ఉండి తీరాలి.

స్విట్జర్లాండులోని జెనీవా విశ్వవిద్యాలయంలో విక్టర్ స్టైమ్‌లె, బెర్నార్డ్ మాక్ బృందం 1993లో జవాబు కనుగొన్నది. రెండవ తరగతి అణువులను కోల్పోయిన ఒక బి కణ వంశంలోకి వారు సక్రమమైన కణాల జన్యు నకళ్లను ప్రవేశపెట్టి, ఏ నకలు చేరినప్పుడు ఆ అణువులు మళ్లీ ఉపరితలం మీద కనిపిస్తాయో వెదికారు. దొరికిన జన్యువు పేరు సి.ఐ.ఐ.టి.ఎ. అదే జన్యువు ఒక రోగి కణాలలోని లోపాన్ని కూడా సరిచేసింది. అది ఉన్నది 6వ క్రోమోజోము మీద కాదు, 16వ దాని మీద.

సి.ఐ.ఐ.టి.ఎ. ప్రొటీన్ పనితీరు విశేషమైనది. అది నేరుగా డి.ఎన్.ఎ.కు అంటుకోదు. ముందుగా ఆర్.ఎఫ్.ఎక్స్. అనే మూడు ప్రొటీన్ల కూటమి, మరి కొన్ని ప్రొటీన్లు కలిసి ప్రేరకం మీద అరుగు వేస్తాయి. ఆ అరుగు మీద సి.ఐ.ఐ.టి.ఎ. వచ్చి కూర్చుంటుంది. ఆపై హిస్టోన్ల చుట్టను వదులుచేసే ప్రొటీన్లను, నకలు తీసే యంత్రాంగాన్ని అది పిలిపించుకుంటుంది. అరుగు చాలా కణాలలో సిద్ధంగానే ఉంటుంది. వచ్చి కూర్చునేది అన్నిచోట్లా ఉండదు. రెండవ తరగతి అణువులు ఏ కణంలో ఉండాలి, ఎంత ఉండాలి అనేది చాలావరకు సి.ఐ.ఐ.టి.ఎ. పరిమాణం మీదనే ఆధారపడుతుంది. క్రిమి ముక్కను ఆ అణువులలో అమర్చడానికి తోడ్పడే ఇతర ప్రొటీన్ల జన్యువులకూ అదే ఆజ్ఞ.

ఆర్.ఎఫ్.ఎక్స్. కూటమిలోని మూడు జన్యువులూ ఆ తరువాత ఒక్కొక్కటిగా బయటపడ్డాయి: 1995లో ఆర్.ఎఫ్.ఎక్స్.5, 1997లో ఆర్.ఎఫ్.ఎక్స్.ఎ.పి., 1998లో ఆర్.ఎఫ్.ఎక్స్.ఎ.ఎన్.కె. ఇవి వరుసగా 1, 13, 19వ క్రోమోజోముల మీద ఉన్నాయి. ఈ నాలుగింటిలో ఏ ఒక్కటి పూర్తిగా చెడినా ఫలితం ఒకటే: రెండవ తరగతి అణువులు ఉపరితలానికి రావు, లేదా అత్యల్పంగా వస్తాయి.

ఒకే జన్యువు, వేర్వేరు మీటలు

సి.ఐ.ఐ.టి.ఎ. జన్యువును సైతం ఎవరో ఒకరు పలికించాలి. మనుషులలో దానికి నాలుగు ప్రేరక స్థానాలను గుర్తించారు. వాటిలో మూడింటి పని బాగా తెలుసు. ఒకటి ముఖ్యంగా డెండ్రిటిక్ కణాలలో, మరొకటి బి కణాలలో పనిచేస్తుంది. ఇంకొకటి మామూలుగా మౌనంగా ఉండే కణాలలో, గామా ఇంటర్‌ఫెరాన్ అనే హెచ్చరిక సంకేతం అందినప్పుడు మేల్కొంటుంది. ఇంటికి ముందు తలుపు, పెరటి తలుపు ఉన్నట్లు, ఏ కణం ఏ తలుపున తీయాలో ముందే నిర్ణయమై ఉంటుంది.

డెండ్రిటిక్ కణం నడవడిలో ఈ నియంత్రణ స్పష్టంగా కనిపిస్తుంది. చర్మంలోను, శ్వాసమార్గంలోను కాపలా కాస్తున్నప్పుడు అది రెండవ తరగతి అణువులను నిరంతరం తయారుచేస్తూ, పాతవాటిని విరిచివేస్తూ ఉంటుంది. క్రిమి చిక్కిన తరువాత పరిపక్వ దశకు చేరి లింఫు గ్రంథివైపు కదులుతుంది. అప్పుడు సి.ఐ.ఐ.టి.ఎ. జన్యువు మూతపడుతుంది. అప్పటికే తయారైన అణువులు మాత్రం చిక్కిన క్రిమి ముక్కలతోసహా ఉపరితలం మీద స్థిరంగా నిలుస్తాయి. దారిలో తగిలిన మరే వస్తువూ ఆ సాక్ష్యంలో కలవకుండా ఉండేందుకు ఇది తోడ్పడుతుంది.

బి కణం ప్రతిరక్షకాలను భారీగా తయారుచేసే ప్లాస్మా కణంగా మారినప్పుడు బ్లింప్-1 అనే ప్రొటీన్ సి.ఐ.ఐ.టి.ఎ.ను ఆపివేస్తుంది. ఇక చూపే పని దానికి లేదు, తయారీయే పని. గర్భంలో తల్లి రక్తాన్ని తాకే మావి పైపొర కణాలలోనూ ఈ జన్యువు మౌనంగానే ఉంటుంది. సగం తండ్రి పోలికలున్న బిడ్డను తల్లి రోగనిరోధక వ్యవస్థ తిరస్కరించకుండా ఉండడానికి దోహదం చేసే ఏర్పాట్లలో ఇదొకటి.

మొదటి తరగతి అణువులకు వేరే అధికారి ఉన్నాడు. ఎన్.ఎల్.ఆర్.సి.5 అనే ప్రొటీన్ ఆ జన్యువులను పలికిస్తుందని 2010లో తేలింది. అది సి.ఐ.ఐ.టి.ఎ.కు దాయాది వంటిది, రెండూ ఒకే ప్రొటీన్ కుటుంబానికి చెందినవి. అనేక క్యాన్సర్ కణాలు మొదటి తరగతి అణువులను తగ్గించుకొని టి కణాల కంటపడకుండా తప్పించుకుంటాయి. కొన్నింటిలో ఆ అణువుల జన్యువులు చెడిపోతాయి. మరికొన్నింటిలో జన్యువు బాగానే ఉండి, దాని చుట్ట బిగుసుకొని మౌనంగా మారుతుంది. రెండవ రకంలో ఆ బిగింపును సడలించే మందులు ఉపకరిస్తాయా అన్న పరిశోధనలు సాగుతున్నాయి.

క్షయ క్రిమి కూడా ఈ రహస్యాన్ని వాడుకుంటున్నట్లు ప్రయోగశాల పరిశోధనలు చూపాయి. తనను మింగిన మాక్రోఫేజ్‌లో గామా ఇంటర్‌ఫెరాన్ సంకేతం అందినా సి.ఐ.ఐ.టి.ఎ. తగినంత పలకకుండా ఆ క్రిమి పైపొరలోని కొన్ని కొవ్వు ప్రొటీన్లు అడ్డుపడతాయి. క్షయ ఏళ్ల తరబడి శరీరంలో దాగి ఉండగలగడానికి ఉన్న కారణాలలో ఇదొకటి కావచ్చునని శాస్త్రవేత్తల అభిప్రాయం.

మీట పడని పిల్లలు

రెండవ తరగతి ఎం.హెచ్.సి. లోపం అత్యంత అరుదైన జబ్బు. ప్రపంచం మొత్తంమీద వైద్య పత్రికలలో నమోదైనవారు కొన్ని వందలమంది మాత్రమే. వారిలో చాలామంది ఉత్తర ఆఫ్రికా దేశాలకు చెందినవారు. అక్కడ ఆర్.ఎఫ్.ఎక్స్.ఎ.ఎన్.కె. జన్యువులోని ఒకే మార్పు అనేక కుటుంబాలలో కనిపించింది. ఒకే పూర్వికుని నుంచి అది తరాలవెంట దిగివచ్చిందని భావిస్తున్నారు. భారతదేశంలోనూ ఈ జబ్బుగల పిల్లలను గుర్తించారు.

ఈ పిల్లలు పుట్టినప్పుడు ఆరోగ్యంగానే కనిపిస్తారు. మొదటి సంవత్సరంలోనే ఇబ్బందులు మొదలవుతాయి. మాటిమాటికీ న్యుమోనియా, తగ్గని విరేచనాలు, నోటిలో వదలని తెల్లపూత, బరువు పెరగకపోవడం ముఖ్య లక్షణాలు. తగిన చికిత్స లేకపోతే అత్యధికులు బాల్యంలోనే మరణిస్తారు.

వైద్యులను సైతం తికమకపెట్టే విషయం ఒకటున్నది. సాధారణ రక్తపరీక్షలో ఈ పిల్లల లింఫోసైట్ల సంఖ్య తరచు మామూలుగానే ఉంటుంది. కణాలు ఉన్నాయి, వాటి చేతిలో చూపే పనిముట్టు లేదు. థైమస్ గ్రంథిలో సి.డి.4 కణాలు ఎదగడానికి రెండవ తరగతి అణువులే ఆధారం కనుక ఆ ఒక్క రకం మాత్రం తగ్గి ఉంటుంది. అందువల్ల కణాల లెక్కతో సరిపెట్టక, ఫ్లో సైటోమెట్రీ అనే పరీక్షతో బి కణాల ఉపరితలం మీద హెచ్.ఎల్.ఎ.-డి.ఆర్. అణువు ఉన్నదా అని చూడాలి. లేదని తేలితే జన్యుపరీక్షతో నాలుగింటిలో ఏది చెడిందో నిర్ధారిస్తారు.

ఇప్పటివరకు స్థిరపడిన శాశ్వత చికిత్స మూలకణ మార్పిడి, అంటే వాడుకలో ఎముకమజ్జ మార్పిడి. హెచ్.ఎల్.ఎ. పొంతన కుదిరిన తోబుట్టువు దాతగా దొరికితే ఫలితాలు మెరుగ్గా ఉంటాయి. బిడ్డ కణాల మీద రెండవ తరగతి అణువులు లేకపోయినా డి.ఎన్.ఎ. పరీక్షతో పొంతన చూడవచ్చు. ఎందుకంటే ఆ జన్యువులు చెక్కుచెదరలేదు, పలకడం లేదు అంతే. మార్పిడి తరువాత కొత్త రక్తకణాలు ఆ అణువులను చూపగలుగుతాయి. థైమస్ పొర మాత్రం బిడ్డదే కనుక సి.డి.4 కణాల సంఖ్య చాలామందిలో తక్కువగానే ఉండిపోతుంది. జబ్బులు ముదరకముందే, చిన్న వయసులో మార్పిడి చేయడం మేలు.

మేనరికపు లెక్క

ఈ జబ్బు రావాలంటే తల్లినుంచి ఒకటి, తండ్రినుంచి ఒకటి, రెండు ప్రతులూ చెడినవే అందాలి. ఒక్క ప్రతి మాత్రమే చెడినవారు పూర్తి ఆరోగ్యంగా ఉంటారు. తమలో లోపం ఉన్న సంగతి కూడా వారికి తెలియదు. తల్లిదండ్రులిద్దరూ అటువంటి వాహకులైతే ప్రతి కాన్పులోను బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం 4లో 1.

తాతలో ఒక జన్యువు ఒక ప్రతి చెడి ఉన్నదనుకుందాం. అది ప్రతి సంతానానికి చేరే అవకాశం 2లో 1, ప్రతి మనుమడికి, మనుమరాలికి చేరే అవకాశం 4లో 1. మేనత్త కొడుకు, మేనమామ కూతురు పెళ్లాడితే ఇద్దరూ వాహకులు కావడానికి 16లో 1, వారి బిడ్డకు జబ్బు రావడానికి 64లో 1 అవకాశం ఉంటుంది. అక్క కూతురిని మేనమామ పెళ్లాడితే అది 32లో 1 అవుతుంది. బంధుత్వం లేని దంపతులలో ఇంత అరుదైన లోపం ఇద్దరిలోను కలిసిరావడం దాదాపు ఉండదు.

ఈ లెక్క ఒక తాతలో ఒక లోపానికి మాత్రమే. అయినా మేనరికాలలో అత్యధిక సంఖ్యాకులకు ఆరోగ్యవంతులైన పిల్లలే పుడతారు. మేనరికం జబ్బును పుట్టించదు, దాగి ఉన్నదానిని కలిపి బయటపెట్టే అవకాశాన్ని పెంచుతుంది. తెలుగు, కన్నడ, తమిళ సీమల్లో ఈ ఆచారం పూర్వం నుంచి ఉన్నదే. హోసూరు, బళ్లారి, రాయగడ, సిరోంచ, యానాం వంటి చోట్ల స్థిరపడిన కుటుంబాలలో పుట్టినిల్లు ఒక రాష్ట్రంలో, మెట్టినిల్లు మరో రాష్ట్రంలో ఉండటం సామాన్యం. ఒకే వంశంలో పసితనంలో పోయిన పిల్లల వివరాలు రెండు మూడు రాష్ట్రాల్లో చెదిరి, వేర్వేరు భాషల కార్డులలో మిగులుతాయి. ఏ ఒక్క వైద్యునికీ మొత్తం చిత్రం కనబడదు.

ఇంటివారు గమనించవలసినవి

శైశవంలో మళ్లీమళ్లీ న్యుమోనియా రావడం, వారాల తరబడి విరేచనాలు తగ్గకపోవడం, బరువు నిలిచిపోవడం, బి.సి.జి. వేసినచోట పుండు మానకుండా వ్యాపించడం లేదా చంకలో గడ్డలు పెరగడం, అదే తల్లికి గతంలో పసిబిడ్డ అంటువ్యాధితో పోవడం—ఇవి ఒకటికి రెండు కలిసినప్పుడు రోగనిరోధక లోపం గురించి వైద్యుని అడగాలి. దంపతుల బంధుత్వాన్ని, పోయిన బిడ్డ వివరాలను దాచకుండా చెప్పాలి. అది తలవంపు కాదు, వైద్యునికి దారి చూపే ఆధారం.

టీకాల విషయంలో స్పష్టత అవసరం. బి.సి.జి., నోటిచుక్కల పోలియో, రోటావైరస్ టీకాలలో బలహీనపరచిన సజీవ క్రిములు ఉంటాయి. తీవ్రమైన రోగనిరోధక లోపం ఉన్న బిడ్డకు అవే ప్రమాదం తేగలవు. అంతకుముందు బిడ్డ ఇటువంటి జబ్బుతో పోయిన కుటుంబంలో తరువాతి కాన్పుకు ముందే ఆశా కార్యకర్తకు, వైద్యునికి ఆ సంగతి తెలపాలి. పరీక్షలు పూర్తయ్యేవరకు సజీవ టీకాలు ఆపాలా వద్దా అన్నది వైద్యుడు నిర్ణయిస్తాడు. మిగిలిన పిల్లలందరికీ టీకాలు వేళకు వేయించి తీరాలి. ఈ అరుదైన జబ్బు పేరు చెప్పి వాటిని మానితే మేలుకంటే కీడే ఎక్కువ. అనుమానం ఉన్న బిడ్డకు రక్తం ఎక్కించవలసివస్తే వికిరణంతో శుద్ధిచేసిన రక్తమే వాడతారు కనుక ఆ అనుమానాన్ని ఆసుపత్రిలో ముందే చెప్పాలి.

రోగనిరోధక లోపాల పరీక్షలకు ముంబయిలోని జాతీయ రోగనిరోధక రక్తశాస్త్ర సంస్థ, చండీగఢ్‌లోని స్నాతకోత్తర వైద్య సంస్థ పేరుగాంచాయి. కేంద్ర ప్రభుత్వం 2021లో అరుదైన వ్యాధుల జాతీయ విధానాన్ని ప్రకటించింది. దాని కింద హైదరాబాదులో నిమ్స్‌తో కలిసి సి.డి.ఎఫ్.డి., బెంగళూరులో ఇందిరాగాంధీ ఆసుపత్రితో కలిసి మానవ జన్యు కేంద్రం, ముంబయిలో కె.ఇ.ఎం. ఆసుపత్రి ప్రత్యేక కేంద్రాలుగా గుర్తింపు పొందాయి. అర్హమైన వ్యాధులకు ఇచ్చే సాయాన్ని 2022లో 50 లక్షల రూపాయల వరకు పెంచారు. బిడ్డ జబ్బు ఆ పరిధిలోకి వస్తుందో రాదో ఆ కేంద్రాలలోనే విచారించుకోవాలి. కుటుంబంలోని లోపం ఏ జన్యువులో ఉన్నదో ఒకసారి తేలితే, తరువాతి గర్భంలో తొలి నెలల్లోనే పరీక్ష చేయించుకొనే వీలుంటుంది.

ఏ భాషలో రాసినదైనా ప్రతి బిడ్డ మాతాశిశు కార్డును, ఆసుపత్రి కాగితాలను భద్రపరచడం, పెద్దల నోట మూడు తరాల వంశవివరం రాయించి ఉంచడం ఖర్చులేని పనులు. రాష్ట్రం దాటి మరో ఆసుపత్రికి వెళ్లినప్పుడు వైద్యునికి మొదట కావలసినవి అవే.